నడిగడ్డ రేవులు: పుట్టి నుంచి లాంచీ దాకా

కృష్ణ తెలంగాణలో అడుగు పెట్టేది తంగిడి దగ్గర, భీమ వచ్చి కలిసే చోట. అక్కడి నుంచి నల్లమల లోయలోకి దిగేదాకా ఎడమ ఒడ్డున మక్తల్, ఆత్మకూరు, పెబ్బేరు, కొల్లాపూర్ సీమలు వరుసగా వస్తాయి. కుడి ఒడ్డున ముందు రాయచూరు నేల, తర్వాత గద్వాల, అలంపూర్, తుంగభద్ర కలిశాక కర్నూలు వైపు ఊళ్ళు. రెండు నదుల నడుమ చిక్కిన గద్వాల, అలంపూర్ ప్రాంతానికి నడిగడ్డ అని పేరు. జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు మూడూ పాత మహబూబ్‌నగర్ నుంచి 2016 అక్టోబరు 11న విడివడినవి. వంతెనలు రాకముందు ఈ సీమలో దక్షిణానికి పోయే ఏ దారి పట్టుకున్నా చివరికి ఒక రేవు దగ్గర ఆగవలసిందే.

బెజవాడ దిగువన కనిపించే కృష్ణకూ ఇక్కడి కృష్ణకూ పోలిక తక్కువ. ఇక్కడ నది బండల మీద పారుతుంది. ఒక చోట పాయలుగా చీలి లంకలను చుట్టుకుంటుంది, ఇంకో చోట ఇరుకై సుడులు తిరుగుతుంది. పడమటి కనుమల్లో వానలు పడితే జూలైలో వరద మొదలై అక్టోబరు దాకా ఉంటుంది. ఆనకట్టలు లేని కాలంలో ఏప్రిల్, మే నెలలకు మడుగులే మిగిలేవి. ఎడ్లబండ్లు ఏటికి అడ్డంగా నడిచి అవతలి గట్టెక్కేవి. ఇలాంటి నీటిలో అడుగు లోతుగా ఉండే చెక్క పడవ పనికి రాదు. బండ తగిలితే పగులుతుంది, నీళ్ళు తగ్గితే ఇసుకలో కూరుకుపోతుంది. తెరచాపకు గాలి దొరికినా దాన్ని తిప్పుకునే చోటు ఉండదు. జానెడు నీళ్ళలోనైనా తేలేది, రాయి తగిలితే వంగేదే తప్ప విరగనిది, పని అయ్యాక ఒక మనిషి నెత్తిన పెట్టుకుని గట్టు మీదికి తెచ్చుకోగలిగేది కావాలి. ఆ అవసరానికి తగ్గట్టు తయారైనది పుట్టి.

పుట్టిలో మేకు ఉండదు, చట్రం ఉండదు. వెదుర్లు చీల్చి బద్దలు తీసి, వాటిని గుండ్రటి పెద్ద గంపలా అల్లుతారు. అంచు చుట్టూ బద్దల కట్టను లావుగా చుట్టి బిగిస్తారు. మామూలు పుట్టి అడ్డకొలత ఎనిమిది, పది అడుగులు. సరుకులు మోసేవి ఇంకా పెద్దవి. అల్లిక బయటి వైపు పూర్వం పశువుల తోళ్ళు కుట్టేవారు. ఈ తోలుతోనే తంటా అంతా. తడిగా వదిలేస్తే కుళ్ళుతుంది, మరీ ఎండితే బిర్రబిగిసి పగులుతుంది. అందుకే పని లేనప్పుడు పుట్టిని ఒడ్డున బోర్లించి ఆరబెట్టడం, తోలుకు నూనె పట్టించడం పడవవాడి దినచర్యలో భాగమైంది. తర్వాతి కాలంలో తోలు పోయి తారు పూసిన గుడ్డ వచ్చింది, ఆ తర్వాత ఎరువుల ప్లాస్టిక్ సంచులు వచ్చాయి. సంచులను విప్పి అతికి, కరిగించిన తారు పట్టిస్తే ఒకటి రెండు వానాకాలాలు గడిచేవి. ఇప్పుడు అచ్చుపోసిన ఫైబర్ పుట్లు దొరుకుతున్నాయి. ఆకారం మాత్రం మారలేదు.

పుట్టిని నడపడం చూసినంత తేలిక కాదు. దానికి ముందూ వెనకా లేవు కనుక ఒక పక్కనే తెడ్డు వేస్తే ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. ఆరితేరినవాడు అంచుకు ఆనుకుని ఒంగి, తెడ్డును తనకెదురుగా ముంచి నీటిని తనవైపు లాక్కుంటాడు. ప్రవాహం ఎంత దిగువకు ఈడ్చుకుపోతుందో ముందే లెక్కగట్టి, దిగవలసిన రేవుకు బాగా ఎగువనే బయలుదేరుతాడు. తిరుగు ప్రయాణానికి ఖాళీ పుట్టిని మళ్ళీ గట్టు వెంట ఎగువకు మోసుకుపోవాలి. వరద కాలంలో రోజుకు నాలుగైదు దాటింపులే గగనం కావడానికి కారణం నది వెడల్పు ఒక్కటే కాదు, ఈ మోత కూడా.

ఈ పడవను గురించిన రాతలు చాలా పాతవి. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, ఆనెగొంది దగ్గర తుంగభద్రను జనం ఎలా దాటుతున్నారో వివరించాడు. లోపల బెత్తం అల్లిక, పైన తోలు, పదిహేను ఇరవై మంది పట్టే గుండ్రటి బుట్టలు. అవసరమైతే గుర్రాలు, ఎడ్లు కూడా ఎక్కుతాయి. నేరుగా పోలేక తిరుగుతూనే ఉంటాయి. ఈ రాజ్యంలో ఏరులున్న చోట్ల ఇవి తప్ప వేరే పడవలు లేవు. ఆయన చెప్పినదాని సారం ఇది. ఆ తుంగభద్రే దిగువకు వచ్చి నడిగడ్డకు దక్షిణపు హద్దవుతుంది. అంతకు ముందు 1398 నాటి యుద్ధంలో బహమనీ సుల్తాను ఫిరోజ్ షా కృష్ణ ఒడ్డున నిలిచిపోయాడు. ఎదుటి గట్టున విజయనగర సైన్యం ఉంది, నది నిండుగా ఉంది. కాజీ సిరాజ్ అనే అతను ఆటపాటల బృందం వేషంలో విజయనగర శిబిరంలో చొరబడి కలకలం రేపగా, ఆ చీకట్లో సుల్తాను బలగం తెప్పల మీద ఏరు దాటిందని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. కృష్ణ, తుంగభద్రల నడుమ ఉన్న రాయచూరు అంతర్వేది కోసం ఇన్ని యుద్ధాలు జరిగాయంటే కోటలు ఎంత ముఖ్యమో, అదను చూసి నది దాటడమూ అంత ముఖ్యం. 1803లో మరాఠాల మీదికి కదిలిన ఆంగ్లేయ సేనాని ఆర్థర్ వెల్లెస్లీ కూడా తన సేన కోసం బుట్ట పడవలు సిద్ధం చేయించుకున్నాడు.

పదిహేడో శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలో తిరిగిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే రాసిన వివరం వీటన్నిటికన్నా విలువైనది. ఎద్దు తోళ్ళు చుట్టిన పెద్ద బుట్టల అడుగున కట్టెల మోపులు పరిచి, వాటి మీద తివాచీలు వేసి సామాను తడవకుండా పెట్టేవారట. నాలుగు మూలల నలుగురు నిలబడి తెడ్లు వేసేవారు. ఒక్కడు లయ తప్పితే బుట్ట మూడు నాలుగు చుట్లు తిరిగి అనుకున్న చోటికి దిగువన తేలేది. గుర్రాలను ఈదించేవారు. బండ్లు వచ్చినప్పుడు మాత్రం రెండు బుట్టలను పక్కపక్కన పెట్టి, వాటి నడుమ బండి నొగనూ చక్రాలనూ కట్టి దాటించేవారు.

ఒక్క పుట్టి మీద బండిని ఎక్కిస్తే బరువు ఒక పక్కకు ఒరిగి బోల్తా పడుతుంది. రెండిటిని ఎడంగా పెట్టి కలిపితే, ఒక పక్క కుంగినప్పుడు అటువైపు పుట్టికి నీటి తోపుడు పెరిగి మళ్ళీ పైకెత్తుతుంది. పసిఫిక్ ద్వీపవాసులు జంట దోనెలతో మహాసముద్రాలు దాటింది ఈ సూత్రంతోనే. నేడు సంపన్నులు కాపురముండటానికీ, అద్దెకు తిప్పడానికీ కొనే రెండు పొట్టల తెరచాప పడవలు, కాటమరాన్లు, నిలబడేదీ దీని మీదే. ఆ పేరు తమిళ తీరపు కట్టుమరం నుంచి పోయినా, ఆ కట్టుమరానికీ మన కోస్తా జాలర్ల తెప్పకూ రెండు పొట్టలు లేవు. అవి పక్కపక్కన పేర్చి కట్టిన దుంగలు. తెలుగు నదుల్లో నిజమైన జంట పడవ బల్లకట్టు. రెండు పడవలను కొంత ఎడంగా నిలిపి, అడ్డదూలాలతో బిగించి, పైన పలకలు పరిస్తే బండ్లు, ఆ తర్వాతి కాలంలో లారీలు కూడా ఎక్కే వేదిక తయారవుతుంది. నల్లగొండ, పల్నాడు జిల్లాల నడుమ కృష్ణ రేవుల్లో బల్లకట్లు మొన్నమొన్నటి దాకా బస్సుల పని చేశాయి. ఎగువన రాళ్ళ కృష్ణలో వాటికి చోటు దొరకలేదు. ఇక్కడ బండి ఉన్నవాడు వేసవి దాకా ఆగేవాడు, లేదా సరుకు దింపి పుట్టికి ఎక్కించేవాడు.

రేవులకు రాజకీయం కూడా ఉంది. నిజాం కింద గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత సంస్థానాలు ఈ తీరాన్ని పంచుకున్నాయి. జటప్రోలు సంస్థానం రాజధాని కొల్లాపూర్‌కు మారింది. పాత ఊరు జటప్రోలు నది ఒడ్డునే ఉండేది. అవతలి గట్టున కర్నూలు నవాబు ఏలుబడి 1839లో ముగిసి, ఆ సీమ ఆంగ్లేయుల చేతికి, మద్రాసు ప్రెసిడెన్సీ కిందికి పోయింది. దాంతో అలంపూర్ దగ్గర తుంగభద్ర, సంగమం దాటాక కృష్ణ రెండు ప్రభుత్వాల సరిహద్దయ్యాయి. ఏరు దాటిన సరుకు మీద నిజాం వారి కరోడ్‌గిరీ శాఖ సుంకం వసూలు చేసేది. పుట్టివాడికి ఇటు చుట్టాలే, అటు చుట్టాలే. కాగితాల లెక్కలో మాత్రం అతను రోజుకు నాలుగు సార్లు దేశాలు దాటేవాడు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆ హద్దు చెరిగిపోయింది. 2014 జూన్ 2న అదే గీత మళ్ళీ పడింది, ఈసారి రెండు రాష్ట్రాల మధ్య.

రేవు దాటేవాళ్ళలో వర్తకుల కన్నా భక్తులు ఎక్కువేమో అనిపిస్తుంది. హైదరాబాదు, కర్నూలు బాటలో కృష్ణ దాటే చోటు బీచుపల్లి. అక్కడి ఆంజనేయస్వామికి బోయలే పూజారులు. అలంపూర్‌లో బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మ ఆలయాలు, జోగులాంబ. సంగమానికి పుష్కర స్నానాలకు వచ్చేవాళ్ళు, సింగోటం లక్ష్మీనరసింహస్వామి జాతరకు సంక్రాంతి రోజుల్లో కర్నూలు వైపు నుంచి ఏరు దాటి వచ్చేవాళ్ళు, అటు నుంచి శ్రీశైలం పోయేవాళ్ళు. ఎగువన మక్తల్ దగ్గరి పంచదేవ్‌పహాడ్ నుంచి శ్రీపాద శ్రీవల్లభుల కురువపురం లంకకు పుట్టి మీద పోవడం నేటికీ యాత్రలో భాగమే. పుట్టి ఎక్కకుండా ఆ దర్శనం పూర్తయినట్టు లెక్కించని భక్తులూ ఉన్నారు.

పడవలోనే కాపురం అనే మాట ఈ తీరానికి సరిపడలేదు. కోస్తా కాలువల్లో సంగతి వేరు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో కాటన్ కాలం నుంచి కాలువలు ఏడాదిలో ఎక్కువ భాగం నిండుగా ఉండేవి. ఇంజనీర్లు, కలెక్టర్లు, మిషనరీలు గదులున్న ఇంటిపడవల్లో వారాల తరబడి మకాం చేసేవారు. అలాంటి కాలువ నడిగడ్డ పక్కకు కూడా ఒకసారి వచ్చింది. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి 1860లలో కర్నూలు, కడప కాలువ తవ్వింది. ఆనకట్టకు ఈ చివర గద్వాల జిల్లాలోని రాజోలి. సాగుతో పాటు పడవ రవాణాకూ ఉద్దేశించిన కాలువ అది, నీటి తలుపులు కూడా పెట్టారు. రవాణా రాబడి ఖర్చులకు చాలలేదు. 1882లో ప్రభుత్వం దాన్ని కంపెనీ నుంచి కొనేసింది. నేడు అది సాగు కాలువ మాత్రమే.

పుట్టికి మొదటి దెబ్బ వంతెనలు. నిజాం కాలపు మీటరు గేజి రైలు సికింద్రాబాదు నుంచి కృష్ణ దాటి గద్వాలకు వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత బీచుపల్లి దగ్గర రోడ్డు వంతెన లేచింది, అదే నేటి 44వ జాతీయ రహదారి మీదిది. ఆ రెండు చోట్లా రేవు వృత్తి కొద్ది ఏళ్ళలోనే మూతపడింది. రేవులపల్లి దగ్గర ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టుకు 1981లో శంకుస్థాపన జరిగి, 1990ల నడిమికి నీళ్ళు నిలిచాయి. ఆనకట్ట మీదే గద్వాల, ఆత్మకూరు మధ్య రోడ్డు పడింది. జూరాల దిగువన గుర్రంగడ్డ అనే లంక ఊరు మాత్రం మినహాయింపు. చుట్టూ కృష్ణ పాయలు. జూరాల గేట్లు ఎత్తితే బడి, ఆస్పత్రి, రేషన్ అన్నీ పుట్టి మీద, లేదంటే ప్రభుత్వం పంపిన మరబోటు మీద ఆధారపడేవి. అక్కడికి వంతెన మంజూరై పనులు మొదలయ్యాక కూడా ఏళ్ళ తరబడి సాగాయి. జూరాల వెనక నీటిలో పుట్టి చేపల వేటకు బతికింది, ప్రయాణానికి కాదు.

దిగువన జరిగింది దీనికి సరిగ్గా తలకిందులు. శ్రీశైలం ఆనకట్టకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 885 అడుగుల పూర్తి మట్టం దాకా నీరు నిలిపితే వెనక్కి అలంపూర్ చుట్టుపక్కల దాకా జలాశయమే. 1980, 81 సంవత్సరాల్లో అటు కర్నూలు, ఇటు మహబూబ్‌నగర్ జిల్లాల్లో నూరుకు పైగా ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఇళ్ళు కూల్చి, జనాన్ని లారీలెక్కించి పంపిన తీరు మీద ఆనాడు తీవ్ర విమర్శలు వచ్చాయి. కొల్లాపూర్ వైపు ముంపు ఊళ్ళవాళ్ళు పరిహారం, ఉద్యోగాల కోసం దశాబ్దాలు తిరిగారు. గుళ్ళకు ఈ విషయంలో మనుషుల కన్నా మంచి దారి దొరికింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ అంకె వేసి విప్పి అలంపూర్‌లో మళ్ళీ కట్టారు. జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయం, సోమశిల గుళ్ళు ఎత్తైన చోటికి మారాయి. కర్నూలు వైపు సప్తనదీ సంగమంలోని సంగమేశ్వరం మాత్రం ఉన్నచోటే ఉండిపోయి, ఏటా మునుగుతూ, మట్టం 840 అడుగుల దిగువకు వచ్చినప్పుడు బయటపడుతూ ఉంటుంది.

వేసవిలో నడిచి దాటే ఏరు ఇప్పుడు మైళ్ళ వెడల్పు సరస్సయింది. పెంట్లవెల్లి, మంచాలకట్ట, మల్లేశ్వరం, సోమశిల, అమరగిరి ఎదుట గాలి రేగితే అలలు లేస్తాయి. సుడులకు తట్టుకునే పుట్టి అలలకు తట్టుకోదు. అంచు తక్కువ, బరువు తక్కువ, ఎదురుగాలిలో తెడ్డుకు లొంగదు. చెక్క పడవలు, ఆ తర్వాత డీజిల్ ఇంజను బిగించిన మరబోట్లు వచ్చాయి. ఈ సీమకు తెలియని పడవలివి, తెలియని పని కూడా. వాటిని తెలిసినవాళ్ళు సముద్రం నుంచి వచ్చారు. విశాఖపట్నం, శ్రీకాకుళం తీరాల మత్స్యకార కుటుంబాలు ముందు నాగార్జునసాగర్‌కు, అటుపైన శ్రీశైలం వెనక నీటికి వలస వచ్చాయి. పడవలోనే కాకపోయినా పడవ వెంటే వాళ్ళ కాపురం. నీటి అంచున గుడిసెలు వేసుకుంటారు. వేసవిలో మట్టం దిగినకొద్దీ గుడిసెలు కిందికి, వరద వచ్చినప్పుడు పైకి జరుపుకుంటారు. చేపను ఒడ్డునే ఎండబెట్టి మూటలు కడతారు.

స్థానిక మత్స్యకారులతో వీళ్ళకు తగాదా వచ్చింది పడవ గురించి కాదు, వల గురించి. సన్న కన్నుల అలివి వలలు పిల్ల చేపలతో సహా ఊడ్చేస్తాయి. వాటిని నిషేధించారు. అయినా పెబ్బేరు నుంచి సోమశిల దాకా అధికారులు దాడి చేసి అలివి వలలు పట్టుకుని తగలబెట్టిన వార్తలు ఏడాదికోసారైనా వస్తుంటాయి. ప్రభుత్వం 2016 నుంచి ఉచితంగా చేప పిల్లలను వదలడం మొదలుపెట్టాక ఈ పంచాయితీ ఇంకా పదునెక్కింది. స్థానిక మత్స్యకారుల సొసైటీల వాదనలో న్యాయం ఉంది. అలివి వల వెనక పెట్టుబడి పెట్టే దళారి మాత్రం ఒడ్డున ఎప్పుడూ దొరకడన్నదీ నిజమే.

కొత్త పడవ అందరి వల్లా కాదు కనుక పాత పడవల బేరం కూడా ఈ కాలపు సంగతే. పుట్టి రోజుల్లో ఇది లేదు. పాతబడిన పుట్టిని ఎవరూ కొనరు, విప్పి పొయ్యిలో పెడతారు. చెక్క పడవకు, ఫైబర్ పడవకు, ఇంజనుకు మాత్రం మారకపు విలువ ఉంది. చెక్క పడవను కొనేవాడు ముందు నీటి గీత దగ్గర, మేకుల చుట్టూ చూస్తాడు, కుళ్ళు మొదలయ్యేది అక్కడే కనుక. వేలి కణుపుతో తడితే గట్టి పలక ఖంగుమంటుంది, నీరు పట్టిన పలక మొద్దుగా పలుకుతుంది. పలకల సందుల్లో కూరిన నార, పూసిన తారు కొత్తవైతే సంతోషించడం కన్నా అనుమానించడం మేలు, బేరానికి ముందు రోజు పూసి ఉండవచ్చు. ఫైబర్‌లో బొబ్బలు, వెంట్రుక పగుళ్ళు పొరల మధ్య నీరు చేరిందనడానికి గుర్తులు. జంట పడవైతే, అది బల్లకట్టైనా సముద్రపు కాటమరానైనా, పరీక్ష అంతా రెండిటిని కలిపే అడ్డదూలాల దగ్గరే. ఒక పొట్ట అల మీద, ఇంకొకటి పల్లంలో ఉన్నప్పుడు మెలిక పడేది ఆ అతుకుల మీద. అక్కడ పగుళ్ళు కనిపిస్తే మిగిలిన పడవ ఎంత నిగనిగలాడినా లాభం లేదు. ఇంజను సంగతి సరే, అది విప్పి మార్చుకోవచ్చు.

ఇవన్నీ సరిగా ఉన్నా ఇంకో లెక్క మిగులుతుంది, ఎంతమంది ఎక్కవచ్చన్నది. 2007 జనవరి 18న కర్నూలు జిల్లా నెహ్రూనగర్ వైపు నుంచి సింగోటం జాతరకు వస్తున్న పడవ మంచాలకట్ట దగ్గర మునిగింది. 61 మంది పోయారు. జాతర రోజున రేవులో జనం పెరుగుతారు, పడవలు పెరగవు. పొద్దుగూకక ముందే చేరాలన్న తొందర ఉంటుంది. వేలంలో రేవు పాడుకున్న గుత్తేదారుకు ప్రతి మనిషీ రాబడే. పాత ఏట్లో అయితే మునిగిన పుట్టివాళ్ళకు ఏదో ఒక బండ చేతికందేది. ముంపు జలాశయంలో కాలికింద నేల లేదు, లైఫ్ జాకెట్లూ లేవు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగినప్పుడు కూడా ఇవే ప్రశ్నలు మళ్ళీ లేచాయి.

అప్పటి దాకా దేశంలో నదీ పడవలకు ఆధారం 1917 నాటి చట్టం. దాని కింద ఒక రాష్ట్రం ఇచ్చిన పత్రం ఇంకో రాష్ట్రంలో చెల్లాలంటే అక్కడి ఆమోదం కూడా కావలసి వచ్చేది. కృష్ణలో ఒక గట్టు తెలంగాణ, ఇంకో గట్టు ఆంధ్ర అయ్యాక ఈ చిక్కు కళ్ళెదుటికొచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2021 అంతర్దేశీయ నౌకల చట్టం ఒకే నమోదును దేశమంతా చెల్లేలా చేసింది. మరపడవకు తనిఖీ పత్రం, నమోదు, బీమా తప్పనిసరి. ఎక్కించదగిన జనం సంఖ్య పత్రంలోనే ఉంటుంది. పడవ చేతులు మారితే ఆ సంగతి నమోదు అధికారికి తెలపాలి. అద్దెకు తిప్పడానికి పాత పడవ కొనేవాడికి కాబట్టి చెక్క ఎంత ముఖ్యమో, కాగితమూ అంతే. మర లేని పడవలు, పుట్లు స్థానిక సంస్థల జాబితాలోకి వస్తాయి.

మంచాలకట్ట విషాదం తర్వాత సోమశిల, సిద్ధేశ్వరం మధ్య వంతెన కావాలన్న కోరిక ఎన్నికల నినాదమయింది. అక్కడ ఇవతలి వాడు అవతల కనిపించే ఊరికి రోడ్డు మీద పోవాలంటే బీచుపల్లి, కర్నూలు చుట్టి రావాలి. 2022 అక్టోబరులో కేంద్రం 167కె జాతీయ రహదారిలో భాగంగా 1,082 కోట్ల రూపాయలకు పైగా ఖర్చుతో తీగల వంతెనను మంజూరు చేసింది. కింద గాజు నడకదారి కూడా నమూనాలో ఉంది. వంతెన వస్తే హైదరాబాదు, తిరుపతి మధ్య దూరం 80 కిలోమీటర్ల దాకా తగ్గుతుందని అంచనా. అంతవరకు మోటారు సైకిళ్ళు, మేకలు, బియ్యం బస్తాలు, పెళ్ళి బృందాలు మరబోట్ల మీదే.

జలాశయం తెచ్చిన చివరి పడవ లాంచీ. దాని ప్రయాణికుడికి అవతలి గట్టుతో పని లేదు. నీటి మీద ఉండటానికే డబ్బిస్తాడు. తెలంగాణ పర్యాటక సంస్థ 2024 అక్టోబరు చివర సోమశిల నుంచి శ్రీశైలానికి ఏసీ లాంచీ నడపడం మొదలుపెట్టింది. సుమారు 120 కిలోమీటర్లు, ఏడు గంటలు, మొదట్లో పెద్దలకు ఒకవైపు టిక్కెట్టు 2,000 రూపాయలు. అమరగిరి దాటాక రెండు వైపులా నల్లమల కొండలు దగ్గరకొస్తాయి, ఆపైన అక్కమహాదేవి గుహల దారి. సోమశిలలో హరిత కాటేజీలు వెలిశాయి, కొన్ని జాలరి కుటుంబాలు వల మానేసి పర్యాటకులను సంగమేశ్వరం దాకా తిప్పే పనికి మళ్ళాయి. కేరళ తరహా ఇంటిపడవలు పెట్టాలన్న మాటలు అప్పుడప్పుడూ వినిపిస్తాయి గాని, ఇక్కడి నీటిమట్టం ఒకే ఏడాదిలో పదుల అడుగులు ఎగుడుదిగుడు అవుతుంది. రేవు మెట్లు ఆగస్టులో నీటిలో ఉంటాయి. ఏప్రిల్‌లో నీటికీ మెట్లకూ మధ్య బురద నేల తేలుతుంది. లాంచీ కూడా నీరు చాలినన్ని నెలలే తిరుగుతుంది. ఆ పైన సంగమేశ్వరం గుడి బయటపడే నాటికి సోమశిల రేవులో మిగిలేవి చిన్న మరబోట్లు, ఒడ్డున బోర్లించిన కొన్ని పుట్లు.